డిస్లెక్సియా ఉన్న పిల్లలకు, అదే ఇబ్బందితో చదివిన కాలేజీ విద్యార్థే మెంటర్ అయితే

క్లుప్తంగా: డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడంలో ఇబ్బంది) వంటివాటితో పెరిగి కాలేజీకి చేరిన విద్యార్థులు, అవే ఇబ్బందులున్న స్కూలు పిల్లలకు వారానికోసారి తోడుగా కూర్చునే పద్ధతి అమెరికాలో 1998 నుంచి నడుస్తోంది. అలా తోడు దొరికిన పిల్లల్లో దిగులు తగ్గి, తమ మీద తమకు నమ్మకం పెరిగినట్టు పరిశోధనలో కనిపించింది. చదవడం, రాయడం నేర్పే పని మాత్రం దీని వల్ల కాదు, దానికి శిక్షణ ఉన్న టీచర్ కావాలి. మన దేశంలో డిస్లెక్సియాకు చట్టంలో చోటు దొరికింది 2016లో. మెంటర్లు కాగలిగిన కాలేజీ విద్యార్థులు మన దగ్గరా ఉన్నారు, కానీ తమకు ఆ ఇబ్బంది ఉందని చెప్పుకునే పరిస్థితి వాళ్లకు ఇంకా లేదు.

### ఒక్క మాట చదవడానికి ఎంత పని

ఏడో తరగతి పాఠంలో ‘స్వాతంత్ర్యం’ అనే మాట వచ్చిందనుకుందాం. చాలామంది పిల్లలు ఆగకుండా చదివేసి ముందుకు వెళ్లిపోతారు. డిస్లెక్సియా ఉన్న పిల్లాడు అక్కడే చిక్కుకుంటాడు. మొదట స, దాని కింద వ ఒత్తు, దానికి దీర్ఘం. తర్వాత త, పక్కన సున్నా. చివర మళ్లీ త, దానికి ర ఒత్తు, య ఒత్తు, మళ్లీ సున్నా. వీటిని విడదీసి, ఒక్కోదాన్ని ధ్వనిగా మార్చి, వరస తప్పకుండా కలిపేసరికి పక్క పిల్లాడు పేరా పూర్తి చేసేస్తాడు. టీచర్ ‘ఊఁ, తర్వాత?’ అంటుంది. వెంటనే ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి మొదటి అక్షరం చూసి ‘స్వాగతం’ అనేస్తాడు. క్లాసంతా నవ్వుతుంది. మర్నాడు తెలుగు పీరియడ్ సమయానికి అతనికి కడుపునొప్పి మొదలవుతుంది.

ఆ పిల్లాడికే పాఠాన్ని ఒకసారి చదివి వినిపిస్తే కథంతా వరసగా తిరిగి చెబుతాడు. ప్రశ్న నోటితో అడిగితే జవాబు నోటితో ఇస్తాడు. అందుకే ఇంట్లో ‘తెలివైనవాడే, ఒళ్లు వంచడు’ అంటారు, బడిలో ‘అశ్రద్ధ’ అని రిపోర్టు కార్డు మీద రాస్తారు. మాట ఏదైనా, తప్పు అతనిదే అన్న అర్థం మాత్రం పిల్లాడికి చేరుతుంది.

ఈ వైరుధ్యం వైద్యుల దృష్టికి వచ్చి 125 ఏళ్లు దాటింది. 1896లో ఇంగ్లండ్‌కు చెందిన ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. కుర్రాడు చురుకైనవాడు, కళ్లకు ఏ లోపమూ లేదు, లెక్కలు చేస్తాడు. ఏళ్ల తరబడి నేర్పినా చదవడం మాత్రం రాలేదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పేటట్టయితే బడిలో అందరికంటే తెలివైనవాడు అతనేనని అతని టీచర్ అన్నట్టు ఆ వ్యాసంలో ఉంది.

ఇప్పుడు ఈ ఇబ్బందులకు విడివిడి పేర్లున్నాయి. చదవడంలో వచ్చేది డిస్లెక్సియా, రాయడంలో డిస్‌గ్రాఫియా, లెక్కల్లో డిస్‌కాల్క్యులియా. ఏడీహెచ్‌డీ వీటికి వేరు. దానిలో ధ్యాస నిలపడం, కుదురుగా కూర్చోవడం కష్టం. అయితే ఒకే పిల్లాడిలో రెండూ ఉండటం తరచూ కనిపిస్తుంది. బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఏదో ఒక రకమైన అభ్యసన ఇబ్బంది ఉంటుందని మానసిక వైద్యులు వాడే డీఎస్‌ఎం-5 అనే గైడు అంచనా. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరి నుంచి ఆరుగురు అన్నమాట.

తెలుగు లిపికి సంబంధించి ఒక సంగతి ఇక్కడ గమనించాలి. ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగులో రాసినట్టే పలుకుతాం. అందువల్ల డిస్లెక్సియా ఉన్న పిల్లాడు కూడా కొన్నేళ్లకు తెలుగును తప్పుల్లేకుండా చదవడం దాకా రావచ్చు, కానీ నెమ్మదిగా. ప, ఫ, ష, వ ఒకలాగే కనిపిస్తాయి. ద, ధ, థల మధ్య తేడా చిన్న గీత, చిన్న చుక్క. ప్రతిచోటా ఆగి చూసుకోవాల్సి వస్తుంది. బయటికి తప్పు కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లిష్‌లో స్పెల్లింగుకూ పలకడానికీ పొంతన తక్కువ కాబట్టి అక్కడ బండి ఆగిపోతుంది. ‘మావాడు ఇంగ్లిష్‌లో వీక్’ అనుకుని తల్లిదండ్రులు ట్యూషన్ పెట్టిస్తారు. మూడేళ్లు ట్యూషన్ నడిచాక కూడా పరిస్థితి అలాగే ఉంటుంది, ఈలోగా పిల్లాడు తనకు చదువు రాదని నిశ్చయించుకుంటాడు.

### 1998లో ప్రావిడెన్స్‌లో ఏం జరిగింది

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ప్రావిడెన్స్ అనే ఊరుంది. పేరున్న బ్రౌన్ విశ్వవిద్యాలయం అక్కడే. డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్న కొందరు బ్రౌన్ విద్యార్థులు 1998లో దగ్గర్లోని ఒక స్కూలుకు వెళ్లి, అలాంటి ఇబ్బందులే ఉన్న పిల్లలతో వారం వారం కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్లలో జోనథన్ మూనీ ఒకడు. అతను పన్నెండేళ్లు వచ్చేదాకా చదవలేకపోయాడు, ఆ తర్వాత బ్రౌన్‌లో ఇంగ్లిష్ సాహిత్యమే చదివాడు. మరొకరు డేవిడ్ ఫ్లింక్. ఆయన తర్వాత ఈ పనిని ‘ఐ టు ఐ’ అనే జాతీయ సంస్థగా పెంచాడు. 2021లో సీఎన్‌ఎన్ ఏటా ఎంపిక చేసే పదిమంది ‘హీరో’ల్లో ఆయన పేరుంది.

ఈ పద్ధతిలో మెంటర్ హోంవర్కు చేయించడు, స్పెల్లింగులు అప్పజెప్పించుకోడు. కలుసుకునేది ఎక్కువగా బొమ్మలు వేసుకునే గదిలో, స్కూలు అయ్యాక. రంగులు, కాగితాలు, జిగురు ముందేసుకుని ఏదో ఒకటి తయారు చేస్తారు. ఆ వస్తువు ఊరికే కాలక్షేపానికి చేసేది కాదు. ‘నాకు ఏది కష్టం, ఏది సులువు, ఎలా చెబితే ఎక్కుతుంది’ అన్నది దాని ద్వారా బయటికి రావాలి. బొమ్మల గదిని ఎంచుకోవడం వెనక ఆలోచన ఉంది. రోజంతా తప్పొప్పుల మధ్య నలిగిన పిల్లాడికి తప్పు జవాబంటూ లేని గది అదొక్కటే. పైగా చేతులు పనిలో ఉన్నప్పుడు పిల్లలు నోరు విప్పుతారు. ఎదురుగా కూర్చోబెట్టి ‘నీ సమస్యేంటి నాన్నా’ అని అడిగితే తల దించుకునే పిల్లాడు, అట్టముక్క కత్తిరిస్తూ ‘నిన్న చదవమంటే బాత్రూమ్‌కి వెళ్లిపోయాను’ అని చెప్పేస్తాడు. అప్పుడు మెంటర్ ‘నేనూ అలాగే వెళ్లేవాణ్ని’ అంటాడు. కార్యక్రమం మొత్తానికి గుండెకాయ ఈ ఒక్క మాట.

టీచరో సైకాలజిస్టో ఆ మాట అనలేరు. వాళ్లకు ప్రేమ, శిక్షణ రెండూ ఉండవచ్చు, కానీ చాలామంది చదువు సాఫీగా సాగిన మనుషులే.

### ఎందుకు పనిచేస్తుంది

దీన్ని అర్థం చేసుకోవడానికి మనస్తత్వశాస్త్రంలో మూడు ఆలోచనలు ఉపయోగపడతాయి. మొదటిది, 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఏం చేసినా ఫలితం మారదని పదేపదే అనుభవానికి వస్తే, తర్వాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా ప్రాణి ప్రయత్నం మానేస్తుందని వాళ్లు చూపించారు. ఆ ప్రయోగాలు జంతువుల మీద చేసినవే. అయినా ఆరేళ్లపాటు ‘ఇంకా కష్టపడు’ అని విని, కష్టపడి, మళ్లీ అవే మార్కులు తెచ్చుకున్న పిల్లాడి స్థితికి అవి చాలా దగ్గరగా ఉన్నాయి. అతను ప్రయత్నం మానేసింది సోమరితనంతో కాదు, అనుభవం అతనికి నేర్పింది అదే.

రెండోది, 1977లో ఆల్బర్ట్ బందూరా చెప్పింది. ‘ఈ పని నా వల్ల అవుతుంది’ అనే నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? స్వయంగా చేసి గెలవడం వల్ల ఎక్కువగా వస్తుంది. తర్వాతి స్థానం, తనలాంటివాడు చేయగా చూడటానిది. ఇందులో ‘తనలాంటివాడు’ అన్నదే కీలకం. ఐఐటీ ర్యాంకరు ఫొటో గోడ మీద పెట్టినంత మాత్రాన వెనక బెంచీ పిల్లాడికి నమ్మకం రాదు. ఆ ర్యాంకరు వేరే జాతి మనిషిలా కనిపిస్తాడు. పలకరించిన ప్రతిసారీ ఇంటి పక్క టాపర్‌తో పోల్చే మన అలవాటు ఎందుకు బెడిసికొడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మూడోది అంతగా ప్రచారంలో లేదు కానీ, ఈ విషయానికి అన్నిటికంటే దగ్గరిది. 1987లో డేల్ షుంక్, అతని సహచరులు లెక్కల్లో వెనకబడిన పిల్లలకు, భిన్నాల లెక్కలు చేస్తున్న తోటిపిల్లలను చూపించారు. కొందరికి మొదటినుంచీ తడుముకోకుండా చేసేవాళ్లను చూపించారు. మరికొందరికి, మొదట తప్పు చేసి, ‘ఇది నాకు కష్టంగా ఉంది’ అని పైకి అని, మెల్లగా దారిలో పడ్డవాళ్లను చూపించారు. రెండో రకాన్ని చూసిన పిల్లల్లో ‘నేనూ చేయగలను’ అన్న నమ్మకం ఎక్కువ కలిగింది. అంటే మెంటర్‌గా పనికొచ్చేవాడు అన్నీ జయించిన వీరుడు కానక్కర్లేదు. నిన్న కూడా అసైన్‌మెంట్‌లో రెండు అక్షరాలు తారుమారు చేసి, దాన్ని ఎలా పట్టుకున్నాడో చెప్పగలిగినవాడు అయితే చాలు.

వీటికి తోడు చిన్న చిన్న కిటుకులుంటాయి. వరస తప్పకుండా చదవాల్సిన లైన్ కింద స్కేలు పెట్టుకోవడం. పాఠాన్ని ఫోన్‌తో పైకి చదివించుకుని వింటూ పుస్తకంలో వేలితో వెంబడించడం. పరీక్షలో ముందు ప్రశ్నలన్నీ చదివి, తెలిసినవాటికి టిక్కు పెట్టుకోవడం. వీటిని టీచరూ చెప్పగలదు. కానీ పెద్దవాళ్లు చెబితే అది మరో సలహా అవుతుంది, వాడుతున్న అన్నయ్య చూపిస్తే ‘ఇలా చేయడం మోసమేం కాదన్నమాట’ అన్న ధైర్యం వస్తుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామంది ఫోన్‌తో చదివించుకోవడాన్ని కాపీ కొట్టడంతో సమానంగా భావించి దాచిపెడతారు.

అన్నిటికంటే ముఖ్యంగా పిల్లలకు అందేది అడగడానికి మాటలు. ‘సర్, నాకు చదవడం నెమ్మది, ప్రశ్న ఒకసారి పైకి చదివి వినిపిస్తారా’ అని అడగాలంటే ముందు తన ఇబ్బంది ఏమిటో తనకు తెలియాలి, దాన్ని సిగ్గుపడకుండా చెప్పే వాక్యం నోట్లో ఉండాలి. ఆ వాక్యం పుస్తకంలో దొరకదు. దాన్ని వాడి చూసినవాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

### ఆధారాలు ఎంత గట్టివి

ఐ టు ఐ పిల్లలను శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మెంటర్ ఉన్న పిల్లలు, అవే ఇబ్బందులుండీ మెంటర్ లేని పిల్లలు, ఏ ఇబ్బందీ లేని పిల్లలు, ఇలా మూడు గుంపులను విద్యాసంవత్సరం మొదట్లోనూ చివర్లోనూ పోల్చారు. మెంటర్ ఉన్నవాళ్లలో దిగులు తగ్గింది, ఆత్మగౌరవం, తోటివారితో సంబంధాలు మెరుగయ్యాయి. మెంటర్ లేనివాళ్లలో అదే ఏడాదిలో ఇవే దిగజారాయి. మెంటర్‌తో అనుబంధం బాగుందని చెప్పిన పిల్లల్లో ఫలితం ఎక్కువగా కనిపించింది.

ఈ ఫలితాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చూడకూడదు. ఏ పిల్లాడు ఏ గుంపులో ఉండాలో చీటీలు వేసి నిర్ణయించలేదు. కార్యక్రమానికి పిల్లలను పంపిన ఇళ్లకూ పంపని ఇళ్లకూ ముందే తేడాలు ఉండి ఉండవచ్చు. పైగా కొలిచింది మనసు స్థితిని. చదివే వేగం పెరిగిందని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. చదివే నైపుణ్యానికి అక్షరాన్నీ ధ్వనినీ ఓ క్రమంలో కలిపి నేర్పే ప్రత్యేక బోధన కావాలి. మెంటర్ వచ్చాడు కదా అని ఆ బోధన ఆపేస్తే పిల్లాడికి అన్యాయమే జరుగుతుంది.

మామూలు మెంటరింగ్ మీద వచ్చిన పరిశోధన కూడా ఆశను అదుపులో పెడుతుంది. 70 అధ్యయనాలను కలిపి 2019లో చేసిన ఒక విశ్లేషణలో సగటు ప్రయోజనం ఓ మోస్తరుగానే తేలింది. 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ వెల్లడించిన మరో సంగతి కార్యక్రమం నడిపేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. ఏడాది, అంతకు మించి సాగిన జోడీల్లోని పిల్లలకు మేలు ఎక్కువ జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జోడీల్లో పిల్లలు కొన్ని విషయాల్లో మునుపటికంటే కిందికి జారారు. అప్పటికే ‘నన్ను అందరూ వదిలేస్తారు’ అనుకునే పిల్లాడికి, సెమిస్టర్ పరీక్షలని చెప్పి మాయమైన మెంటర్ మరో రుజువుగా మిగులుతాడు. ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు పంచి, నెలలో ముగించే పని అయితే మొదలుపెట్టకపోవడమే మంచిది.

### అమెరికాలోనే ఎందుకు పుట్టింది

అక్కడి విద్యార్థులు మనవాళ్లకంటే ధైర్యవంతులని కాదు. చట్టాలు పాతికేళ్లు ముందే వచ్చాయి. వైకల్యం కారణంగా వివక్ష చూపరాదన్న నిబంధన 1973లో, వైకల్యం ఉన్న ప్రతి పిల్లాడికీ తగిన ఉచిత విద్య ఇవ్వాలన్న చట్టం 1975లో వచ్చాయి. రెండో చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా వంటివాటికి చట్టాల్లో వాడే పేరు) మొదటినుంచీ ఉంది. డిస్లెక్సియా ఉన్న విద్యార్థుల కోసమే వెర్మాంట్ రాష్ట్రంలో ల్యాండ్‌మార్క్ కాలేజీ 1985లో మొదలైంది. అంటే 1998 నాటికి బ్రౌన్‌లో ఉన్న ఆ విద్యార్థులు, పుట్టినప్పటినుంచీ చట్టం ఉన్న తరం. వాళ్లకు చిన్నప్పుడే పేరు పెట్టిన సమస్య ఉంది, దాని గురించి మాట్లాడే భాష ఉంది. 2021-22లో అక్కడ ప్రత్యేక విద్య సేవలు పొందిన పిల్లలు సుమారు 73 లక్షలు, వారిలో దాదాపు మూడో వంతు అభ్యసన వైకల్యం కింద ఉన్నవారే.

అక్కడా ఓ అగాధం ఉంది. స్కూల్లో పిల్లాడి ఇబ్బందిని కనిపెట్టి సాయం చేసే బాధ్యత స్కూలుది. కాలేజీలో అడుగుపెట్టగానే ఆ బాధ్యత విద్యార్థి మీదికి వస్తుంది. తానే వెళ్లి చెప్పుకుని, కాగితాలు చూపించి, అదనపు సమయం అడగాలి. వైకల్యం ఉన్న కాలేజీ విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ సంగతి కాలేజీకి చెప్పరని అమెరికా ప్రభుత్వ విద్యా గణాంకాలే చెబుతున్నాయి. మెంటరింగ్‌లో అడిగే అలవాటుకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. ఏడో తరగతిలో నోరు విప్పడం నేర్చినవాడికి కాలేజీ ఆఫీసు గుమ్మం ఎక్కడం కొంత తేలిక. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. స్కూలు ప్రత్యేక ప్రణాళిక ఇస్తామన్నా, ‘రికార్డుల్లో పడితే ఎలా’ అని వెనకాడే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియడం అవసరం.

### మన దగ్గర లెక్క ఎక్కడ తప్పుతోంది

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, వాటిలో డిస్లెక్సియా లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. దాని 16వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఇబ్బందులను పిల్లల్లో వీలైనంత తొందరగా గుర్తించాల్సింది విద్యాసంస్థలే. 17వ సెక్షన్‌లో పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఉన్నాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 5 శాతం సీట్లు కేటాయించాలి. ఏడీహెచ్‌డీ మాత్రం ఆ 21లో లేదు. ఒక్క ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్న పిల్లాడు ఈ తలుపు బయటే ఉండిపోతాడు.

చట్టం షెడ్యూలులో ఒక చిక్కు ఉంది. అభ్యసన వైకల్యాన్ని ‘మేధోవైకల్యం’ అనే శీర్షిక కింద పెట్టారు. రెండూ వేరు. డిస్లెక్సియా చదవడంలో వచ్చే ఇబ్బందే, తెలివితేటల లోపం కాదు. కానీ ఆ శీర్షిక చూసిన తల్లి ‘మావాడికి బుద్ధిమాంద్యం అంటారా’ అని కాగితం అక్కడే వదిలేస్తే తప్పు ఆమెది కాదు.

సర్టిఫికెట్ దారి కూడా దూరమే. పిల్లాడికి ఎనిమిదేళ్లు వచ్చాక పరీక్ష చేయాలని, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూడాలని 2018 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలతో క్లినికల్ సైకాలజిస్టు అంచనా వేయాలని కూడా అన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ‘సదరం సర్టిఫికెట్’ అనే మాట అందరికీ తెలుసు. కాలికో కంటికో ఇబ్బంది ఉన్నవాళ్లు సదరం క్యాంపుకు వెళ్లడం మామూలే. చదవడంలో ఇబ్బంది అని ఎవరైనా వెళ్లొచ్చన్న ఊహే చాలామందికి లేదు. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సేవలు అందుతున్నాయి. కానీ అక్కడికి చేరేది ఇబ్బంది బయటికి కనిపించే పిల్లలే. ‘చదవడు, అల్లరి చేస్తాడు’ అనిపించుకున్న పిల్లాడిని అక్కడికి ఎవరూ తీసుకెళ్లరు.

సర్టిఫికెట్ వచ్చినా అంతటితో పోరాటం అయిపోదు. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి నీట్ పరీక్షలో రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా పేపర్ లాగేసుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమెకు జరిగింది అన్యాయమేనని కోర్టు 2021 నవంబరులో తేల్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే ఇబ్బంది) ఉన్న సివిల్స్ అభ్యర్థి కేసులో, స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం అనే గీత అడ్డం కాదని చెప్పింది. హక్కు కాగితం మీద ఉన్నా, పరీక్ష హాల్లో నోరు తెరిచి అడగాల్సింది విద్యార్థే. అడగడం నేర్పే మనిషి అవసరం మన దగ్గర ఇంకా ఎక్కువ.

మరి ఆ మనిషి ఎక్కడున్నాడు? డిస్లెక్సియాతోనే ఇంటర్ దాటి డిగ్రీ, ఇంజినీరింగ్ చేస్తున్నవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో తప్పకుండా ఉన్నారు. కానీ వాళ్లు చదివిన రోజుల్లో చట్టంలో ఆ పేరే లేదు, లేదా అప్పుడే వచ్చింది. చాలామందికి తమకున్నది డిస్లెక్సియా అని తెలియదు. తెలిసినవాళ్లు దాస్తారు. ఇంటర్‌లో ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడదీసే చోట, కింది సెక్షన్‌లో కూర్చున్న విద్యార్థి తన గురించి ఒకే పాఠం నేర్చుకుంటాడు. ఉద్యోగ ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని టెన్షన్, పెళ్లి సంబంధాల దగ్గర తెలిస్తే ఎలా అని ఇంట్లోవాళ్ల టెన్షన్. ఆడపిల్లల విషయంలో ఈ రెండోది మరీ ఎక్కువ. బయటపడటానికి మెంటర్‌కే ఇంత ఖర్చు ఉన్నప్పుడు, పిల్లల సంఖ్య ఎంత ఉన్నా జోడీలు కుదరవు.

2018లో ఎనిమిదేళ్లుండి, కొత్త మార్గదర్శకాల కింద మొదటిసారి పరీక్ష చేయించుకున్న పిల్లలకు 2028లో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. పేరు తెలిసిన ఇబ్బందితో, సర్టిఫికెట్‌తో, పదో తరగతిలో అదనపు సమయం వాడుకున్న అనుభవంతో మన కాలేజీల్లో అడుగుపెట్టే మొదటి తరం వాళ్లది. అమెరికాలో 1975 చట్టానికీ 1998 బొమ్మల గదికీ మధ్య 23 ఏళ్లు పట్టింది. ఇక్కడ అంతకాలం పట్టాలన్న రూలేం లేదు, కానీ ఆ మొదటి తరం సంఖ్య చిన్నదిగానే ఉంటుంది, అదీ ఎక్కువగా హైదరాబాద్, విశాఖ వంటి నగరాల్లోని ప్రైవేటు స్కూళ్ల నుంచి వస్తుంది. సర్కారు బడి నుంచి వచ్చిన మెంటర్ దొరకాలంటే ముందు సర్కారు బడిలో గుర్తింపు జరగాలి. మండల బడిలో చదివే పిల్లాడికి ఏసీ క్యాంపస్ అన్నయ్య ‘తనలాంటివాడు’ అనిపించడం కష్టం. ఒకే ఇబ్బందితోపాటు ఒకే తరహా ఊరు, ఒకే మీడియం కూడా కలిస్తేనే బందూరా చెప్పిన పోలిక నిజంగా కుదురుతుంది.

### మెంటర్‌కు ఏం దక్కుతుంది, ఎక్కడ జాగ్రత్త కావాలి

సాయం చేసేవాడే ఎక్కువ లాభపడతాడని 1965లో ఫ్రాంక్ రీస్‌మన్ అనే పండితుడు రాశాడు. పిల్లాడికి ‘నీ తప్పు కాదు’ అని చెప్పిన ప్రతిసారీ ఆ మాట మెంటర్ చెవిలోనూ పడుతుంది. పదేళ్లు దాచుకున్న ఇబ్బంది అతనికి మొదటిసారి ఒక అర్హతగా మారుతుంది. మన కాలేజీల్లో దీనికి సిద్ధంగా ఉన్న చోటు ఎన్‌ఎస్‌ఎస్. 1969లో మొదలైన ఈ పథకంలో వాలంటీరు ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. వారానికి గంటన్నర చొప్పున విద్యాసంవత్సరం పొడవునా ఒకే పిల్లాడితో కూర్చున్నా ఆ గంటల్లో దాదాపు సగమే ఖర్చవుతాయి. చెట్లు నాటే కార్యక్రమంలాగే దీన్నీ లెక్కలోకి తీసుకోవడానికి అడ్డంకి ఏమీ కనిపించదు.

జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. పిల్లలతో పనిచేసే ప్రతిచోటా ఉన్నట్టే ఇక్కడా 2012 పోక్సో చట్టాన్ని దృష్టిలో పెట్టుకోవాలి: కలుసుకునేది బడిలోనే, తలుపులు తెరిచి, టీచర్ కనుచూపు మేరలో. జోడీలన్నీ ఒకే గదిలో కూర్చునే పద్ధతి ఇందుకూ మంచిదే. మెంటర్లకు ఆందోళన, దిగులు గుర్తించే శిక్షణ, తమకే భారమనిపించినప్పుడు వెళ్లి చెప్పుకునే ఒక పెద్దమనిషి ఉండాలి. పిల్లాడు చచ్చిపోవాలనిపిస్తోంది అంటే ఏం చేయాలో పందొమ్మిదేళ్ల కుర్రాడు ఊహించుకుని తేల్చుకునే పరిస్థితి రాకూడదు.

మరో ప్రమాదం మన దగ్గర మరీ ఎక్కువ. పరీక్షలు దగ్గరపడగానే ఈ గంట కూడా ట్యూషన్‌గా మారిపోవడం. ‘ఎలాగూ ఇంజినీరింగ్ అబ్బాయి వస్తున్నాడు కదా, మ్యాథ్స్ చెప్పించండి’ అని హెడ్‌మాస్టరే అడగవచ్చు. అడగడం సహజమే, కానీ మ్యాథ్స్ చెప్పించడం మొదలైన రోజే అతను మళ్లీ తప్పులు దిద్దే మనిషి అయిపోతాడు. బొమ్మల గదిలో ‘నేనూ అలాగే వెళ్లేవాణ్ని’ అన్న అన్నయ్య ఇక అక్కడ ఉండడు. అందుకే కార్యక్రమం మొదలయ్యే ముందే స్కూలుతో రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సిన విషయాలు రెండు: ఈ గంటలో పాఠ్యపుస్తకం తెరవరు, మెంటర్ ఏడాది మధ్యలో మారడు.